ముష్టి చెట్టు మీద బదనిక

మా మంద మీద ఒట్టు, నా నెత్తి మీద ఒట్టు, ఇందులో ఒక్క ముక్క కూడా నేను అల్లింది కాదు. గొర్ల కాపరుల ఇంట్లో పుట్టినవాడు మంద మీద ఊరికే ఒట్టు వేయడు. వేసి అబద్ధమాడితే గొర్రెలకు రోగం తగులుతుందని మా నమ్మకం. ఇప్పుడు మీ ఇంట్లో మందే లేదు కదా, ఇక ఒట్టుకు భయమేమిటి అని అడిగేవాళ్ళూ ఉన్నారు. మిర్యాలగూడలో నేను రోజూ కూర్చునే టీ కొట్టు దగ్గర నేను నోరు తెరిస్తే చాలు, "సగం దీసేసి వినుర్రి" అంటారు. మూసీలో నేను పట్టిన చేప ఏడాదికో జానెడు పెరుగుతున్న మాట నిజమే. మా మేనమామ ఎలుగుబంటితో బీడీ పంచుకున్నాడని పుట్టించింది కూడా నేనే. అయినా ఈ ఒక్కటి నమ్మండి.

పోయిన ఆదివారం మా ఆవిడ నన్ను మొక్కల నర్సరీకి లాక్కెళ్ళింది. అక్కడి మనిషిది కోదాడ వైపు. మట్టి లేకుండా, చెక్కపేడుకు కట్టి వేలాడదీసిన మొక్క ఒకటి చూపించాడు.

"ఇది ఆర్కిడ్ అండి. పువ్వుకే కాదు, ఇమ్యూనిటీకి కూడా మంచిదని అందరూ పట్టుకెళ్తున్నారండి. ఆకు కాస్త నూరుకుని తాగితే జలుబు, జ్వరం దగ్గరికే రావంటున్నారు."

కరోనా వచ్చి వెళ్ళాక ఆ ఒక్క మాట తగిలిస్తే ఏదైనా అమ్ముడుపోతోంది. మా ఆవిడ కళ్ళు అప్పటికే మెరిశాయి. నేను మాత్రం ఆ మొక్క వేళ్ళ వైపు చూస్తున్నాను. చిటికెన వేలంత లావున, తెల్లగా, పాలిపోయి గాలిలో వేలాడుతున్నాయి. అతను నీళ్ళు చిలకరించాడు. చూస్తుండగానే ఆ తెల్లటి వేళ్ళు పచ్చబడ్డాయి. నేను ఒకడుగు వెనక్కి వేశాను.

"ఏమైంది, గట్ల జూస్తున్నవ్?" అంది మా ఆవిడ.

"ఏం లేదు. పోదాం పా."

"మొక్కను జూసి భయపడేటోన్ని నిన్నే జూసిన."

ఆమెకు చెప్పని సంగతి మీకు చెబుతున్నాను.

మాకు అది ఆర్కిడ్ కాదు, బదనిక. వేరే చెట్టు కొమ్మ మీద పుట్టి, అక్కడే బతికే మొక్కలన్నిటికీ మా ఊళ్ళో అదే పేరు. మా ఊరు తుంగతుర్తి దాటి ఇంకా లోపలికి. వానాకాలం వస్తే ఊరంతా తడిసిన ఉన్ని వాసన. గొంగళ్ళు ఆరవు, పొయ్యి మండదు, పొగ కప్పుకు తగిలి మళ్ళీ మా కళ్ళలోకే దిగేది. పొద్దున మక్క గడక, మధ్యాహ్నం జొన్నరొట్టె, పచ్చిపులుసు. గొర్రె ఈనిన ఇంటి నుంచి జున్ను వస్తే ఆ రోజు మాకు పండుగ. ఆ జున్నులో నా వాటా, మా చెల్లె వాటాలో సగం, రెండూ నావే.

మా నాయనమ్మకు కళ్ళు మసకలు. పొర కమ్మి, ఎండకూ నీడకూ తేడా తెలిసేది, అంతే. కానీ ఆమె వేళ్ళకు చూపు ఉండేది. ఏ ఆకు చేతిలో పెట్టినా మడిచి, విరిచి, ముక్కు దగ్గర పెట్టుకుని పేరు చెప్పేది. గొర్రె కాలు విరిగితే బదనిక నూరి పట్టు వేసి, వెదురు బద్దలు కట్టేది. కీళ్ళ నొప్పులకు బదనిక వేరు నూనెలో కాచి రుద్దేది. చెవిపోటు వచ్చిన పిల్లల్ని చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఎత్తుకొచ్చేవారు. ఆకు వెచ్చచేసి పసరు రెండు చుక్కలు పిండేది. ఊరికే జబ్బు పడే పిల్లలకు దాని కషాయం నాకించేది.

"ఒంటికి కావలి ఉండాలె బిడ్డా," అనేది. "మందకు కుక్క ఉన్నట్టు. కుక్క పండుకున్నదనుకో, తోడేలు వస్తది. బదనిక ఏం జేస్తదంటే ఆ కుక్కను లేపుతది."

రోగనిరోధక శక్తి అనే మాటను తర్వాత బళ్ళో ఎన్నిసార్లు చదివినా, నాకు లోపల ఒక కుక్క లేచి ఒళ్ళు విదుల్చుకున్నట్టే ఉండేది.

బదనిక తేవడానికి ఒక పద్ధతి ఉంది. ముందురోజు సాయంత్రం చెట్టు దగ్గరికి పోయి, పసుపు బియ్యం, బెల్లం పెట్టి, ఎవరికోసమో చెప్పి, రేపు వస్తానని పిలవాలి. పొద్దున తలస్నానం చేసి, ఏమీ తినకుండా, దారిలో ఎవరితోనూ మాట్లాడకుండా పోవాలి. తెంపినది నేల మీద పడకూడదు, గుడ్డలో పట్టుకోవాలి. మందు మొదలుపెట్టాక మూడు పొద్దులు రోగిని ఊరి పొలిమేర దాటించకూడదు, ఇంకో మందు ఇవ్వకూడదు. అన్నిటికంటే ముఖ్యం, అది ఏ చెట్టు మీద పుట్టిందో చూసుకోవాలి.

"మద్ది మీది బదనిక మద్ది గుణం దీసుకుంటది. ఇప్ప మీదిది ఇప్ప గుణం. ముష్టి మీదిది ముట్టుకున్నవంటే సంపుతది, యాదిపెట్టుకో."

ముష్టి చెట్టంటే మా పిల్లలందరికీ వణుకు. కమలాపండులా నున్నటి పండ్లు కాస్తుంది, గింజ విషం. మా వాడలో ఒక పిచ్చికుక్కకు ఆ గింజ పెట్టారు. దాని మెడ వెనక్కి విరుచుకుపోయింది, నాలుగు కాళ్ళూ కొయ్యలయ్యాయి, ఒళ్ళు విల్లులా వంగింది. మేం గోడ మీద కూర్చుని చూశాం. ఆ తర్వాత చాలా రోజులు నాకు అన్నం దిగలేదు.

ఆ వానాకాలం మా చెల్లెకు ఐదేళ్ళు, నాకు పది నిండలేదు. మా నాయిన మందను తోలుకుని వాడపల్లి దగ్గర కృష్ణ దాటి వెళ్ళాడు. కబురు పంపినా చేరడానికి వారం. ఇంట్లో నాయనమ్మ, అమ్మ, మేమిద్దరం. చెల్లెకు ఎడమ చెవి కారడం మొదలైంది, వెనకే జ్వరం. ప్రతి వానాకాలం వచ్చేదే. ఈసారి తగ్గలేదు. నాలుగో రోజుకు ఆడుకోవడం మానేసింది. ఐదో రోజుకు ఏడవడం కూడా మానేసింది. నన్ను భయపెట్టింది అదే. దాని జున్ను నేను తిన్నా ఏడవలేదు.

"అత్తా, పేటకు దీస్కపోదామా?" అంది అమ్మ, మెల్లగా. పేట అంటే సూర్యాపేట, దవాఖాన అక్కడే.

నాయనమ్మ అడ్డంగా తల ఊపింది. నాకు పైన ఒక అన్న ఉండేవాడట. జ్వరానికి ఆ దవాఖానకే తీసుకెళ్ళారట. మళ్ళీ నడిచి ఇంటికి రాలేదు.

"ఇంట్ల ఉన్నన్ని దినాలు నీళ్ళు దాగిండు పిలగాడు. ఆడికి పోయినంక ఖతం. ఇగ ఆ గడప నేను దొక్క, నిన్ను దొక్కనియ్య," అంది నాయనమ్మ. "బదనిక దెప్పిస్త. పోరడా, వాగు మీది మద్ది చెట్టు ఎరుకేనా నీకు?"

ఎరుకే. ఆ సాయంత్రం పోయి పసుపు బియ్యం చల్లాను. బెల్లం ముక్క చెట్టు మొదట్లో పెట్టాను. చీమలు రాకముందే తీసి నోట్లో వేసుకున్నాను. "రేపు పొద్దుగాల వస్త, మా చెల్లె చెవికి నువ్వు కావాలె," అన్న మాట బెల్లం నములుతూనే అన్నాను. అన్నాక పైకి చూశాను. వాన తుంపర పడుతోంది. బదనిక వేళ్ళు నా కళ్ళ ముందే తెలుపు పోయి పచ్చబడ్డాయి. ఇంటిదాకా ఆగకుండా ఉరికాను.

పొద్దున తలస్నానం చేసి, బొట్టు పెట్టుకుని, నోరు మూసుకుని బయలుదేరాను. దారిలో మా మేనమామ మేకల్ని తోలుతూ ఎదురయ్యాడు.

"ఏంరా అల్లుడా, పెండ్లిసూపులకా?"

నేను మాట్లాడలేదు.

"మూగోనివైనవా? ఇన్నాళ్ళకు ఊరికి మంచి రోజులొచ్చినయ్."

పళ్ళు బిగించి దాటిపోయాను. ఆ రోజు వరకూ నేను అంతసేపు మాట్లాడకుండా ఉన్నది నిద్రలోనే.

మద్ది చెట్టు సగం ఎక్కానో లేదో ఎర్రచీమలు పట్టుకున్నాయి, ఆకుల్ని కుట్టి గూళ్ళు కట్టుకునేవి. చంకల్లో, మెడ మీద, కనురెప్ప మీద. పట్టు తప్పి జారి కిందపడ్డాను. కళ్ళు తుడుచుకుని చూస్తే వాగుకు అవతల గుట్ట కింద ఇంకో చెట్టు, పొట్టిది. దాని కొమ్మ మీద, నా చెయ్యి అందేంత ఎత్తులో, అచ్చం అలాంటిదే బదనిక. అదే మందపాటి ఆకు, కొస కొరికినట్టు. అవే తెల్లటి వేళ్ళు. చెట్టు కింద నారింజ రంగు పండ్లు రాలి ఉన్నాయి.

అది ముష్టి చెట్టు. నాకు తెలుసు. తెలిసే చెయ్యి పెట్టాను. చెట్టేదో బదనిక మీద రాసి ఉంటుందా, నాయనమ్మకు కనిపిస్తుందా అనుకున్నాను. ఒట్టేశాను కాబట్టి దాచను, అలాగే అనుకున్నాను.

నాయనమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని, ఆకు పొడవునా వేలు పోనిచ్చింది. విరిచింది. వాసన చూసింది.

"మంచిగుంది. మద్ది మీదిదేనా?"

"మద్ది మీదిదే."

"కింద పడనిచ్చినవా?"

"లే."

"తొవ్వల ఎవ్వలితోనన్న మాట్లాడినవా?"

"లే నాయినమ్మా."

బండ మీద నూరుతుంటే పచ్చి వాసన ఇల్లంతా నిండింది. పసరు వెచ్చచేసి గుడ్డతో చెవిలో రెండు చుక్కలు పిండింది. పిప్పిని ఒంటికి పూసింది. ఇంకొంచెం తేనెలో కలిపి నాలుక మీద పెట్టింది. చెల్లె చాలా రోజులకు కళ్ళు తెరిచి, తేనె కోసం పెదవులు నాకింది. నా వైపు చూసి, ఇంకా కావాలన్నట్టు నోరు తెరిచింది. నేను లేచి బయటికి పోయి కక్కుకున్నాను. కడుపులో ఏమీ లేదు, నీళ్ళే వచ్చాయి.

ఆ రోజంతా దాని పక్కనుంచి కదలలేదు. అమ్మ మురిసిపోయింది, పోరనికి చెల్లె మీద ఎంత పావురమో, ఎంత ప్రేమో అని. నేను దాని కాళ్ళు ముట్టి చూస్తున్నాను, కొయ్యలవుతున్నాయేమోనని. వేళ్ళు మడిచి విప్పుతున్నాను. ఈగ వాలి అది ఉలిక్కిపడినా మళ్ళీ కాళ్ళు తడిమేవాణ్ణి. ఆ పిచ్చికుక్క కళ్ళ ముందు నుంచి పోలేదు.

మర్నాడు మధ్యాహ్నం అమ్మ గడక తాగిద్దామని లేపింది. తల ముందుకు వంగలేదు. మళ్ళీ పట్టుకుని లేపింది. తలతో పాటు వీపు కూడా లేచింది, కట్టె లేచినట్టు. ఎడమ చెవి వెనక నిమ్మకాయంత వాపు, చెవి ముందుకు తోసుకొచ్చింది.

"అన్నా," అంది చెల్లె, కళ్ళు తెరవకుండా. "నా మెడను ఎవలో పట్టుకున్నరు. ఇడువమను."

అమ్మ నాయనమ్మ వైపు తిరిగింది. "అత్తా, మీ కాళ్ళు మొక్కుత. పేటకు..."

"రేపు ఒక్క పొద్దు. ఇప్పుడు పొలిమేర దాటిస్తే మందు తిరగబడ్తది," అంది నాయనమ్మ. అమ్మ పొయ్యి దగ్గరికి పోయి రొట్టె మీద రొట్టె చేస్తూ కూర్చుంది. తినేవాళ్ళు లేని రొట్టెలు. ఒకటి మాడింది, తీయలేదు.

నేను గడపలో నిలబడి చెప్పాను. "నాయినమ్మా, అది మద్ది మీదిది గాదు. ముష్టి మీదిది."

అమ్మ చేతిలోని రొట్టె జారింది. నాయనమ్మ కుడిచేతి వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకుంది. ఒక్కొక్క వేలూ. తర్వాత పరుపు దగ్గరికి పాకి, చెల్లె మెడ కింద చెయ్యి పెట్టి చూసింది. నన్ను కొడుతుందని ఎదురుచూశాను. కొట్టలేదు.

"పిల్లా, బిడ్డను ఎత్తుకో," అంది అమ్మతో. "పేటకు పోదాం. జల్ది."

యూరియా కోసం పేటకు బయలుదేరిన పటేలు ట్రాక్టరును అమ్మ రోడ్డు మీద అడ్డం నిలబడి ఆపింది. ఆ గడప తొక్కనన్న నాయనమ్మే తొట్టిలో మొదట ఎక్కి, చెల్లె తలను ఒళ్ళో పెట్టుకుని, గుంతలు వచ్చినప్పుడల్లా రెండు చేతులతో గాలిలోకి ఎత్తి పట్టింది. నేను చెల్లె బొటనవేలు పట్టుకుని కూర్చున్నాను. చల్లబడితే నాకే ముందు తెలియాలని.

దవాఖానలో డాక్టరు లైటు వేసి చెవిలో చూశాడు. వెనక నొక్కాడు. అమ్మ ఏడుస్తూ ముష్టి సంగతి చెబితే చెయ్యి ఊపేశాడు.

"ముష్టి లేదు, ఏం లేదమ్మా. చెవిల చీము బొక్కలకు పోయింది, మెదడు దాక పాకుతున్నది. రేపు దెస్తే నేను జేసేదేం ఉండకపోవు."

నాయనమ్మ ఈ మాట వినలేదు. బయట నల్లా దగ్గర కూర్చుని చేతులు కడుక్కుంటోంది. కడిగి, వాసన చూసుకుని, మళ్ళీ కడుక్కుంటోంది. తర్వాత అమ్మ చెబితే, "డాక్టరుకు ముష్టి సంగతి ఏమెరుక," అని ముఖం తిప్పుకుంది.

రెండు వారాలు సూదులు వేశారు. చెల్లె బతికింది. ఎడమ చెవి కొంచెం తక్కువ వినిపిస్తుంది. ఇప్పుడు కోదాడలో ఉంటుంది, అత్తగారింటి మాట పట్టుబడింది. ఎవరైనా చుట్టాలు వస్తే, "ఇదిగో మా అన్నయ్య, చిన్నప్పుడు నాకు విషం పెట్టాడండి," అని పరిచయం చేస్తుంది. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను.

ఇక ఒట్టు సంగతి.

ఇందులో ఒక ముక్క నేను అల్లాను. గుట్ట కింద ముష్టి చెట్టు దగ్గరికి నేను పోనేలేదు. జారి పడ్డాక మళ్ళీ మద్ది చెట్టే ఎక్కాను. చీమలు కుడుతుంటే ఏడ్చుకుంటూ, నోరు మాత్రం తెరవకుండా, ఆ మద్ది కొమ్మ మీది బదనికే తెంపి, నేల మీద పడకుండా గుడ్డలో పట్టి తెచ్చాను. నాయనమ్మ అడిగిన మూడింటికీ నేను చెప్పింది నిజమే. నా బతుకులో అన్ని నిజాలు వరసగా చెప్పింది ఆ పొద్దుటే.

కడుపులో నీళ్ళు కక్కుకున్నది పరగడుపున చీమల మంటకు. ఆ రోజంతా దాని కాళ్ళు ముట్టి చూసింది చల్లబడుతున్నాయేమోనని. భయం మాత్రం నేను అల్లింది కాదు. మర్నాడు మధ్యాహ్నం ఆ మెడ వంగకపోవడం చూశాను. ఒక్క పొద్దు ఆగమంటోంది నాయనమ్మ, ఎదురు చెప్పలేక రొట్టెలు కాలుస్తోంది అమ్మ. చెల్లె చచ్చిపోతుందని ఆ ఇంట్లో నాకు తప్ప ఎవరికీ తెలియనట్టు అనిపించింది. బిగిసిన మెడను చూస్తే కుక్క గుర్తొచ్చింది, కుక్కతో ముష్టి. గడపలో నిలబడి ఉన్నపళంగా పుట్టించాను. అసలు మందే కాకపోతే, మూడు పొద్దుల కట్టుబాటు ఎక్కడిది?

పెద్దయ్యాక ఇంకోటి తెలిసింది. బదనికల్లో కొన్ని చెట్టు రసం తాగి బతుకుతాయి. వాటిని విషపు చెట్టు మీద నుంచి తెస్తే భయపడాల్సిందే. మేం వాడినది అలాంటిది కాదు. అది కొమ్మ మీద ఊరికే కూర్చుంటుంది, వాననీ గాలినీ తాగుతుంది. ముష్టి మీద పుట్టినా దానికి విషం ఎక్కదు. అంటే నేను చెప్పింది అబద్ధం, ఆమె నమ్మింది పొరపాటు. ఆ రెండూ కలిసి చెల్లెను ట్రాక్టరు ఎక్కించాయి.

కానీ నాయనమ్మ ఆ తర్వాత ఎవరికీ ఆకు నూరలేదు. పిల్లల్ని ఎత్తుకుని తల్లులు వస్తూనే ఉన్నారు. "నా చేతులకు ముష్టి తెల్వలే. గుడ్డిదాన్ని, నన్ను నమ్మకుర్రి. పేటకు పోరి," అని పంపేసేది. ఏ ఆకు దేనికో, ఎంత నూరాలో, ఎప్పుడు ఆపాలో ఆమె ఎవరికీ నేర్పలేదు. నేర్పమని అడిగే మొహం నాకు లేదు. నిజం చెబుదామని ఎన్నోసార్లు ఆమె మంచం దాకా పోయాను. చెబితే ఆమె వేళ్ళు ఆమెకు తిరిగి దక్కుతాయి. కానీ, ఆ బెల్లం ముక్క సంగతి పక్కన పెడితే, పద్ధతి ప్రకారం తెచ్చిన మందే చెల్లెను కాపాడలేకపోయిందని కూడా తెలుస్తుంది. ఏది మిగల్చాలో తేల్చుకోలేక ప్రతిసారీ ఆమెకు నీళ్ళు తాగించి వచ్చేసేవాణ్ణి.

ఆఖరి రోజుల్లో ఒక పొద్దున ఆమే అడిగింది. ఎండ మంచం మీద పడుతోంది. నా చెయ్యి పట్టుకుని, వేళ్ళు ఒక్కొక్కటే తడుముతూ.

"నిజం చెప్పు బిడ్డా. ఆ దినం ఏ సెట్టు మీదిది దెచ్చినవ్?"

నేను ఆమె ముఖంలోకి చూశాను. మసక కళ్ళు నా వైపే ఉన్నాయి.

"ముష్టి మీదిది, నాయినమ్మా."

ఆమె నా చెయ్యి వదల్లేదు. తల ఊపింది.

"అయితే మంచిదే," అంది. "మందు తప్పు గాదన్నట్టు."